రెండు పొట్టి ఈలలు

పాత పేపరు ముక్కను నీళ్ళలో ముంచి, పిండి, దయానందం మూడో మెషీను అద్దం తుడుస్తున్నాడు. అద్దం నిండా నిన్నటి కుర్రాళ్ళ వేలిముద్రలు, బజ్జీల నూనె, ఎవడో కసికొద్దీ ఉమ్మిన తుంపర. ఆటలో ఓడినవాడు అద్దాన్ని కొడతాడు, లేకపోతే ఉమ్ముతాడు, అదీ కాకపోతే దయానందాన్ని తిడతాడు. మూడూ తుడుచుకోవడమే అతని ఉద్యోగం.

పొట్టిగా, నల్లగా, మెడ భుజాల్లోకి దిగిపోయినట్టుండే మనిషి. నలభై అయిదు దాటాయి. ఒళ్ళంతా సడలినా కుడిచెయ్యి మాత్రం పాత చెయ్యిగానే మిగిలింది. లావుపాటి మణికట్టు, అరచేతిలో లివరు పిడి ఒరిసి ఒరిసి కట్టిన కాయ. పని లేనప్పుడు ఆ చేతిని వీపు వెనక పెట్టుకుని తిరుగుతాడు. చూసినవాళ్ళు నడుంనొప్పి కాబోలనుకుంటారు.

“బోణీ కానియ్యరా!” అన్నాడు పోలిరాజు, అగరొత్తులు వెలిగించి.

ఇది పోలిరాజు పెట్టిన ఆచారం. షాపు తెరిచాక మొదటి టోకెను ఇంటిమనిషే వేసి, మొదటి ఆట అయిపోయేదాకా ఆడాలి. బియ్యం కొట్టు నడిపినప్పుడు మొదటి సోలెడు గుమ్మానికి చల్లేవాడు. ఇప్పుడు బియ్యం లేవు, టోకెన్లున్నాయి. దయానందం టోకెను వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెరమీద చిన్న విమానం వచ్చింది. పైనుంచి పురుగుల్లాంటివి దిగి దాన్ని కాల్చేశాయి. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. మూడోదీ పోయింది. లివరు అతను ముట్టుకోలేదు. ఏనాడూ ముట్టుకోడు.

“బోణీ సెయ్యమంటే రోజూ సావు సేత్తావేట్రా? ఇయ్యాల పోటీ, గుర్తుందా?”

“గుర్తుంది సావుకారూ.”

గుర్తుండకేం! ఈ ఆదివారం కోసం అతను నెల రోజులుగా అన్నం సయించక తిరుగుతున్నాడు.

డాబాగార్డెన్స్ సందులో ఈ వీడియో గేముల షాపు తెరిచి రెండేళ్ళు కావొస్తోంది. మొదట్లో కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్ళే వచ్చేవారు. తర్వాత స్టీల్‌ప్లాంటు కట్టుబడి పనివాళ్ళు, సబ్బవరం నుంచి, భీమిలి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఆడేవాడు ఒకడైతే వాడి వెనక ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు పదిమంది. కోడిపందేలు తెలిసిన పోలిరాజు ఆ పదిమందినే చూశాడు. గుడ్డమీద రంగులతో రాయించి సందు మొదట్లో కట్టించాడు. పెద్ద పోటీ, గెలిచినవాడికి టేప్‌రికార్డరు. లోపల ఆట వీధిలోకి కనబడేలా గుమ్మం మీద ఇంకో టీవీ కూడా బిగించాడు. ఫైనలు ఇద్దరి మధ్య. ఒకడు భీమిలి కుర్రాడు. రెండోవాడు అర్జునరావు, ఈ షాపు పుట్టిందే తనకోసమన్నట్టు పొద్దూ సాయంత్రం ఇక్కడే ఉండే పిల్లవాడు. ఇరవై దాటాయి, ఉద్యోగం లేదు. మంచివాడే. పోయేటప్పుడు దయానందానికి “ఎల్లొత్తాను మావా” అని చెప్పి మరీ పోతాడు.

ఈ మంచితనం దయానందానికి గొంతులో ముల్లు. ఎందుకంటే ఆ పిల్లవాడు శ్రీరామ్మూర్తి కొడుకు.

అప్పట్లో దయానందం ఓడరేవులో సరుకు ఎత్తి దించే వించి నడిపేవాడు. ఓడ మీద వించి దగ్గర నిలబడ్డవాడికి కిందున్న సరుకు గది కనబడదు. అంచున నిలబడిన మేస్త్రీ ఈలే వాడికి కళ్ళు. ఒక పొడుగు ఈల అంటే దించు. రెండు పొట్టి ఈలలంటే ఎత్తు. మేస్త్రీ శ్రీరామ్మూర్తి. కింద గదిలో దయానందం తమ్ముడు దేవకుమార్ ఇనుప రేకుల కట్టకి గొలుసు తగిలిస్తున్నాడు. శ్రీరామ్మూర్తి ఎవరితోనో సరసాలాడుతూ, కిందికి చూడకుండా, రెండు పొట్టి ఈలలు ఊదాడు. దయానందం లివరు లాగాడు. సగం తగిలిన గొలుసు జారి, కట్ట తమ్ముడి మీద పడింది. దేవకుమార్ కేక కూడా వేయలేదు.

విచారణలో శ్రీరామ్మూర్తి చెప్పిన మాట ఒక్కటే. “నాను ఊదలేదు బాబూ. ఆడే ఎత్తేసాడు.”

ఆ ఒక్కమాటతో దయానందం ఉద్యోగం పోయింది. దాన్ని ఎవడు లెక్కపెట్టాడు! తల్లి అప్పలమ్మ ఆ మాట నమ్మింది. జ్ఞానాపురంలో ఒకే గదిలో కొడుకుతోనే బతికింది కానీ, కుడిచేత్తో అతను అందించిన గ్లాసు ఒక్కనాడూ అందుకోలేదు. “ఆ సేత్తో నాకేటీ ఇవ్వకు” అంది. కోడలు విమలమ్మ పెడితే తినేది. చివరి రోజున నాలిక పిడచగట్టుకుపోయినా అతని చేతిలో చెంచా చూసి మొహం పక్కకి తిప్పేసుకుంది. ఆ మొహంతోనే పోయింది.

అప్పటినుంచి దయానందం రిక్షా తొక్కాడు, సినిమాహాల్లో టార్చిలైటు పట్టాడు, ఉప్పు బస్తాలు కుట్టాడు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళాడు. అందరితో కలిసి ప్రార్థన చెబుతాడు కానీ, పరుల తప్పులు మన్నించే చోటికి రాగానే పెదాలు బిగించేస్తాడు. ఆ వాక్యం దాటాక మళ్ళీ అందుకుంటాడు. విమలమ్మకి తెలుసు. దేవుడికీ తెలిసే ఉంటుంది. పాము పగబడితే పన్నెండేళ్ళంటారు. ఇతనిది ఆ గడువు కూడా దాటిపోయింది.

శ్రీరామ్మూర్తిని చంపాలని లేదు. చంపితే ఏముంది, ఒక్క క్షణం. తనకి ఏం జరిగిందో అదే వాడికి జరగాలి. కుక్క కాటుకు చెప్పుదెబ్బ. టోకెన్ల కౌంటరు వెనక, దయానందం కుర్చీకి చెయ్యిచాపు దూరంలో, కరెంటు మెయిన్ పిడి ఉంది. దాన్ని కిందికి దించితే మెషీను చచ్చిపోతుంది. ఆట మధ్యలో పోతే ఆడినవాడి పాయింట్ల లెక్క మళ్ళీ రాదు. ఆట ముగిశాకే పోలిరాజు నల్లబల్ల మీద సుద్దతో రాస్తాడు, ముగియని ఆటకి లెక్క లేదు. అది పోటీ రూలు. ఆట చూడ్డానికొచ్చే తండ్రి ఎదుట, జనమంతా చూస్తుండగా కొడుకు గెలుపు గాల్లో కలిసిపోతే, ఎవడు కట్టేశాడని శ్రీరామ్మూర్తి అడిగితే, అప్పుడు వాడి కళ్ళలోకి చూసి చెప్పాలి. నాను ముట్టలేదు బాబూ. దానంతటదే పోయింది.

ఆ మాట అతను విమలమ్మ నిద్రపోయాక గోడకి చెప్పి చూసుకున్నాడు.

మధ్యాహ్నానికి సందు నిండిపోయింది. సైకిళ్ళు, స్కూటర్లు, ఎదురింటి మేడ మీద ఆడవాళ్ళు. శనగలవాడు బండి పెట్టేశాడు. దయానందం టోకెన్లు ఇస్తూ, తోసుకొచ్చేవాళ్ళని తాడు అవతలికి నెడుతూ, వీధివైపే చూస్తున్నాడు. రిక్షా దిగి, పోలిరాజు భుజం పట్టుకుని శ్రీరామ్మూర్తి వచ్చాడు.

ఎంత చిక్కిపోయాడు! అప్పట్లో ఓడ అంచున నిలబడితే ఆ నీడకి ఇద్దరు కూలీలు కూర్చునేవారు. ఇప్పుడు చొక్కా కొయ్యకి తగిలించినట్టుంది. మెడలో మాత్రం నల్లదారంతో అదే ఇత్తడి ఈల.

“మా బావే ఇయ్యాల రిఫరీ! ఓడరేవంతా ఆడించిన ఈల ఇది!” అని పోలిరాజు జనానికి చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. కొడుకు ఆడితే తండ్రి ఈల ఊదడమేంటని భీమిలివాళ్ళు గొణిగారు. “ఈల మొదలెట్టడానికే గదా, గెలిపించడానికి కాదు” అని ఎవరో నవ్వారు.

శ్రీరామ్మూర్తిని మెషీను పక్కన ఇనప కుర్చీలో కూర్చోబెట్టారు. అతని మొహం చెమటతో తడిసిపోయింది. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు.

“మంచినీళ్ళు ఇయ్యరా!” అన్నాడు పోలిరాజు.

దయానందం కావాలనే కుడిచేత్తో గ్లాసు పట్టుకెళ్ళాడు. శ్రీరామ్మూర్తి గ్లాసు అందుకోబోయి ఆగాడు. ఆ చేతినే చూశాడు. తర్వాత తల ఎత్తాడు.

“దయానందం?”

“ఆఁ.”

గ్లాసుతో పాటు అతని మణికట్టు కూడా పట్టుకున్నాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ చేతిలోంచే గ్లాసు నోటికి తెచ్చుకుని, చివరిదాకా తాగాడు.

“ఇక్కడున్నావని ఇన్నాళ్ళూ నాకు తెల్దు. నీతో ఒక మాటుంది.”

“సెప్పండి.”

శ్రీరామ్మూర్తి నోరు తెరిచాడు. అంతలో పోలిరాజు “బావా, టైమయిపోనాది!” అని అరిచాడు. శ్రీరామ్మూర్తి మణికట్టు వదల్లేదు.

“ఆట అవనీ. ఎల్లిపోకు. సెప్తాను.”

దయానందం చెయ్యి విదిలించుకుని కౌంటరు వెనక్కి వచ్చేశాడు. ఇప్పుడా మాట! మెషీను జాగ్రత్తగా చూడమని అడుగుతాడు కాబోలు, కొడుకు గెలుపు కోసం. ఏదైతేనేం! అమ్మ పోయాక ఎన్ని మాటలొచ్చి ఏం లాభం?

శ్రీరామ్మూర్తి పొడుగ్గా ఒక్క ఈల ఊదగానే భీమిలి కుర్రాడు ముందు ఆడాడు. బాగా ఆడాడు. ఆట ముగిశాక పోలిరాజు బల్ల మీద పెద్ద అంకెలు రాస్తే భీమిలివాళ్ళు వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. తర్వాత అర్జునరావు వచ్చాడు. మెషీనుకి దండం పెట్టి, తండ్రి వైపు చూశాడు.

శ్రీరామ్మూర్తి ఈల నోట్లో పెట్టుకున్నాడు. రెండు పొట్టి ఈలలు.

దయానందం కుడిచెయ్యి తనంతట తాను ముందుకు ఉలికిపడింది. కౌంటరు మీద టోకెన్లు చెదిరాయి. అదే ఈల, అదే ఊపిరి, మధ్యలో అదే కొంచెం ఎడం. ఇది విన్న చెవులు ఈ లోకంలో ఎక్కడ విన్నా గుర్తుపడతాయి. ఊదలేదట! ఊదలేదని పెద్దమనుషుల ముందు చెప్పిన నోరు అదుగో, ఈల పట్టుకుని నవ్వుతోంది.

అతను చెయ్యి చాపి మెయిన్ పిడి పట్టుకున్నాడు.

అర్జునరావు ఆడుతుంటే జనం ఒక్కటే ఊపిరైపోయారు. తెరమీద పురుగులు బారులు బారులుగా దిగుతున్నాయి, రాలిపోతున్నాయి. వీధిలో టీవీ కింద నిలబడ్డవాళ్ళు ప్రతి దెబ్బకీ “కొట్రా!” అంటున్నారు. లెక్క పెరిగింది. బల్ల మీది అంకెకి దగ్గరగా వచ్చింది. దయానందం తెర చూడటంలేదు, శ్రీరామ్మూర్తి మొహమే చూస్తున్నాడు. ఆ మొహం ఇంత చిన్నపిల్లాడి మొహం అవుతుందని అనుకోలేదు. కట్టేద్దామా? వద్దు. ఇంకొంచెం ఎక్కనీ. ఎంత ఎత్తుకెక్కితే అంత గట్టిగా పడతాడు.

లెక్క దాటింది. సందు దద్దరిల్లింది. అర్జునరావు అద్దం మీంచి కళ్ళు తిప్పకుండానే “నాన్నా! సూసావా?” అని కేకేశాడు. శ్రీరామ్మూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. పెదాల మధ్య ఈల, మొహమంతా నవ్వు.

ఇంకొంచెం, అనుకున్నాడు దయానందం. ఆ నవ్వు కాసేపు నిలవనీ. నిలిచింది. కదలకుండా నిలిచింది. ఇక చాలు.

పిడి దించేశాడు.

తెరలు నల్లబడ్డాయి. పంకాలు ఆగాయి. “కరెంటు పోనాది!” అన్నారెవరో. “పక్క కొట్లో పంకా తిరుగుతందిరా!” అన్నారింకెవరో. భీమిలివాళ్ళు ఈలలు, కేకలు. అర్జునరావు లివరు పట్టుకునే చచ్చిన అద్దాన్ని చూస్తున్నాడు. తర్వాత ఇటు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

“ఎవరు కట్టేసారు మావా?”

ఎన్నాళ్ళుగానో మోస్తున్న మాట. దయానందం కౌంటరు దాటి వచ్చి, కొడుక్కి కాదు, తండ్రికి ఎదురుగా నిలబడ్డాడు.

“నాను ముట్టలేదు బాబూ. దానంతటదే పోనాది.”

శ్రీరామ్మూర్తి నవ్వుతూనే ఉన్నాడు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. దయానందానికి ఒళ్ళు మండిపోయింది. ఇంకా నవ్వుతావా! వంగి, ఆ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాడు.

“నాను ముట్టలేదు! ఇన్నావా? నాను ముట్టలేదు!”

శ్రీరామ్మూర్తి నోట్లోంచి ఈల జారి ఒళ్ళో పడింది. తల మెల్లగా పక్కకి ఒరిగింది. దయానందం కుడిచేత్తో గడ్డం పట్టుకుని ఎత్తి చూశాడు. చర్మం వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర గాలి లేదు.

చీకటి అతను చూడలేదు. ఓటమి చూడలేదు. కొడుకు గెలిచాడనుకునే వెళ్ళిపోయాడు, సుఖంగా. చెప్పదలుచుకున్న మాట వెంట పట్టుకెళ్ళిపోయాడు.

తర్వాతదంతా దూరంగా ఎక్కడో జరిగినట్టుంది. అర్జునరావు తండ్రి కాళ్ళ మీద పడ్డాడు. నలుగురు ఎత్తి రిక్షాలోకి చేర్చారు. పోలిరాజు కండువా నోటికడ్డం పెట్టుకుని వెనకే పరిగెత్తాడు. పోటీ సంగతి, మెయిన్ సంగతి మళ్ళీ ఎవరూ అడగలేదు. జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ సందులోంచి పలచబడ్డారు. భీమిలి కుర్రాడు టేప్‌రికార్డరు వైపు ఒకసారి చూసి, ముట్టుకోకుండా బస్సుకి వెళ్ళిపోయాడు.

దయానందం వెళ్ళలేదు. వెళ్ళిపోకు, చెప్తానన్నాడు కదా. ఎవరూ లేని షాపులో, ఆ కుర్చీ ఎదురుగా అలాగే నిలబడ్డాడు. ఈల ఊదానని చెప్పేవాడా? అడక్కుండానే, అందరి ముందూ చెప్పేవాడా? లేకపోతే మెషీను గురించేనా? “ఏటి సెప్తావు? సెప్పు!” అని పైకే అన్నాడు. తిట్టాడు. ఇంకా తిట్టాడు. తిట్లు అయిపోయాక, పాతికేళ్ళకే పోయిన తమ్ముడి కోసం, మొహం తిప్పుకున్న తల్లి కోసం, ఇన్నాళ్ళకి, అక్కడే కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు.

కాసేపటికి లేచి మెయిన్ పిడి ఎత్తాడు. పంకాలు తిరిగాయి. మెషీన్లు ఒక్కొక్కటే మేలుకున్నాయి. లెక్కల చోట సున్నాలు. ఆడేవాడు లేకుండానే తెరమీద చిన్న విమానం అటూ ఇటూ తిరగడం మొదలెట్టింది.

ఇనప కుర్చీలో ఇత్తడి ఈల పడివుంది. నల్లదారం తెగలేదు, ఎత్తేటప్పుడు మెడలోంచి జారిపోయి ఉంటుంది. మూతి దగ్గర తడి ఇంకా ఆరలేదు.