పై స్థాయిలో ఈల

ట్రాఫిక్ అనే రైల్వే పేటలో ఆర్కెస్ట్రా పెట్టిన నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. కొత్త వాయిద్యం కొనాలంటే, వినేవాడు గోడకేసి తిరిగి కూర్చోవాలి. పేరుకూ మెరుపుకూ మోసపోకుండా చెవి ఒక్కటే తీర్పు చెప్పాలి. ఆ చెవి నూకరాజుది. రైలుబండి బయలుదేరే ముందు చక్రాన్ని సుత్తితో కొట్టి, మోగే తీరును బట్టి కంటికి కనపడని పగులును పసిగట్టే ఉద్యోగం అతనిది. అలాంటి చెవికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ మధ్యాహ్నం సాలువా ఊరి వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. ఆర్కెస్ట్రా నడిపే రాజశేఖర్ క్వార్టరు ముందు గదిలో రెండు వేవ్‌టేబుల్ సింథసైజర్లు పక్కపక్కనే పెట్టారు. రెండూ చేసేది ఒకటే పని: రకరకాల నాదాల తరంగాలను అంకెలుగా దాచుకుని, మీట నొక్కగానే ఒకదాని నుంచి మరోదానిలోకి జారుతూ పలకడం. ఒకటి కొత్తది. ఇంకోటి కలకత్తాలో చవగ్గా దొరికిన పాతది. పేటలో జరిగే మాతపూజ కచేరీకి ఏది ఉంచుకోవాలో తేల్చాలి.

"గోడకి తిరుగు బావా. దొంగసూపు సూసినావంటే టీ నేదు," అన్నాడు రాజశేఖర్.

"నీ టీ నీళ్ళ కోసం ఎవడొచ్చినాడు? అమ్మాయి వాయిస్తదని వచ్చినాను," అంటూ నూకరాజు కుర్చీ తిప్పుకున్నాడు.

రాజశేఖర్ కూతురు హరిచందన కింది స్థాయిలో మొదలుపెట్టింది. మొదటిదాని మంద్రం మెత్తగా ఉంది. రెండోదానిలో కొంచెం గరుకు. ఆ గరుకే బాగుందన్నాడు నూకరాజు. మధ్య స్థాయిలో మొదటిది నాదం నుంచి నాదానికి నీళ్ళలా జారింది, రెండోది మెట్లు దిగినట్టు దిగింది. అదీ పట్టుకున్నాడు.

"క్యా బాత్ బావా!" అన్నాడు రాజశేఖర్.

తర్వాత పై స్థాయి.

"ఇక్కడ రెండూ ఒకటే," అన్నాడు నూకరాజు. "పిల్లనగ్రోవిలాగున్నాయి."

వెనక మరోసారి మీట నొక్కారు.

"ఏటి, ఒకదాన్నే రెండుసార్లు వాయించి నన్ను ఆడిస్తన్నారా?" అంటూ వెనక్కి తిరిగాడు.

హరిచందన వేలు ఇంకా పాతదాని మీట మీదే ఉంది. రాజశేఖర్ రెండు చెవులూ మూసుకున్నాడు. గుమ్మంలో పడుకున్న కుక్క లేచి వీధిలోకి వెళ్ళిపోయింది. నూకరాజుకు మాత్రం మెత్తని పిల్లనగ్రోవి వినిపిస్తోంది.

హరిచందన చప్పున వేలు తీసేసింది. "నాకూ పెద్ద తేడా తెలీనేదు మావయ్యా," అంది తలెత్తకుండా.

ఆ అబద్ధంలోని దయ అతనికి అందింది. "ఏటి వినపడతంది తల్లీ? నిజం సెప్పు."

"పాతదాన్లో సన్నటి ఈల ఉంది. సూదిలాగ."

"మళ్ళీ వాయించు."

వాయించింది. ఆమె కళ్ళు చికిలించింది. అతనికి ఏ ఈలా వినిపించలేదు.

భార్య పోలమ్మ ఉండి ఉంటే ఏనాడో దెప్పేది. ఒంటరి ఇంట్లో చెవి తగ్గిందని చెప్పేదెవరు?

అతనికి చక్రాలు గుర్తొచ్చాయి. మంచి చక్రం మోత చివర సన్నని తీగలాంటి నాదం సాగుతుంది. పగులుంటే ముందు తెగేది ఆ తీగే. ఈ మధ్య చక్రాలన్నీ ఒకేలా మోగుతున్నాయి. సరుకు బాగుంటోందనుకున్నాడు. పొద్దున్న కూడా ఒక ప్యాసింజరు బండికి సరేనన్నాడు. కిటికీల్లోంచి పిల్లలు చేతులూపారు.

"టీ తాగు బావా. వయసు మీద పడతంది, అంతే," అన్నాడు రాజశేఖర్.

"ఆ బండి ఇంకా పరిగెడతంది శేఖరా."

ఫోను తీసి పై అధికారి జ్ఞానరత్నానికి కలిపాడు.

"సార్, పొద్దుటి బండిని ఆపించండి. చక్రాలు ఇంకోడితో సూపించండి."

"ఏటైనాదయ్యా? ఏటి నీ అనుమానం?"

"నా సెవుల మీద సార్. పై మోత వినపడతనేదు."

"ఎప్పట్నించి?"

"తెలీదు సార్."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఆ బండి ఒక్కటేనా?"

"ముందు అది. తర్వాత, ఈ మధ్య నేను సూసినవన్నీ."

జ్ఞానరత్నం తిట్టలేదు. "ఫోను పెట్టీకు. లైన్లోనే ఉండు," అని, ఇంకో ఫోనులో ఎవరితోనో హిందీలో గట్టిగా మాట్లాడసాగాడు. బయట చినుకులు మొదలయ్యాయి. హరిచందన రెండు సింథ్‌ల స్విచ్చులూ ఆపేసి, వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది.

చాలాసేపటికి జ్ఞానరత్నం గొంతు మళ్ళీ వినిపించింది.

"ఆపమని సెప్పినారు నూకరాజూ. ఇంకా ఆగనేదు."