మూడు విజిల్స్ ఉడికిన మంగలి కత్తి

కుక్కర్లో, ఉగ్గుగిన్నె పక్కన పడి మూడు విజిల్స్ ఉడికిన మంగలి కత్తి ఈ లోకంలో ఒక్కటే ఉంటుంది. అది నేనే.

పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు ఒక కమ్మరి. బర్రె కొమ్ముతో పిడి పెట్టించి ఇంటికి తెచ్చుకున్నవాడు ఐలయ్య. ఆయన తర్వాత కొడుకు రాజలింగం చేతికి వచ్చాను. మీసాలు మెలేసే పెద్దమనుషులంతా నా ముందు గొంతు చాచి, ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్ళే.

రాజలింగం నన్ను చూసుకున్నంత శ్రద్ధగా తనను చూడలేదని ఆయన భార్య అంటుండేది. గీయడం అయ్యాక గోరువెచ్చని నీళ్ళలో ఆడించి, మెత్తటి పాత పంచె ముక్కతో వెన్ను నుంచి అంచు వైపుకు తుడుస్తాడు. అంచు మీదుగా అడ్డంగా గుడ్డ పోనీయడు. పిడికి బిగించిన చీల దగ్గర తడి లేకుండా అద్దుతాడు. వెంటనే మడవడు. తెరిచి కాసేపు గాలికి పెట్టి, కొబ్బరినూనె చుక్క రాసి, అప్పుడు పొదిలో పెడతాడు.

ఇదేదీ ఆయన కోడలు స్వరూపకు తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే. ఆ రోజు తన తొమ్మిది నెలల కొడుక్కి పుట్టువెంట్రుకలు. తీసేది తాత, తీసేది నాతో. నిన్ననే నేను గజ్జి ఉన్న ఒకాయన గడ్డం గీశాను. పిల్లాడి మాడు ఇంకా మెత్తగా కొట్టుకుంటూనే ఉంది. గాటు పడితే? ఆ గాటులోంచి ఏ రోగమో లోపలికి పోతే?

అందుకని పొద్దున్నే నన్ను గిన్నెల పీచుతో బరబరా తోమింది. కుక్కర్లో ఉడికించింది. ఆ తర్వాత పిల్లాడికి చేసినట్టే సాంబ్రాణి పొగ వేసి, పౌడర్ అద్ది, పాత చీర ముక్కలో చుట్టింది. దిష్టిచుక్క ఒక్కటే తక్కువ.

"గిదేందే బిడ్డా, కత్తికి పౌడర్ కొట్టినవ్?" అన్నాడు రాజలింగం.

"ఉడకబెట్టిన మామా. మూడు విజిల్స్."

"పప్పుకే రెండు పెడ్తవు గదనే!"

చేతి మీద ఆనించి చూశాడు. ఒక్క వెంట్రుకా తెగలేదు. పీచు నా అంచును మొద్దు చేసింది. పదిన్నర దాటితే వర్జ్యం. మంగలి ఇంట్లో మనవడి నెత్తికి ఇంకొకరి కత్తి అడుక్కోవడం కన్నా ఊరు వదిలిపోవడం మేలు. సాన రాయి మీద నూరాడు, తోలు పట్టీకి సాపు చేశాడు. ఈసారి వెంట్రుకలు జలజలా రాలాయి.

"చేతి తోలు మొద్దుగుంటది మామా. ఇంకెవల మీదన్న చూడుండ్రి" అంది స్వరూప, కొడుకును గుండెకు అదుముకొని.

పిల్లాణ్ణి ఒడిలో పెట్టుకోవాల్సిన మేనమామ శ్రీశైలం ఎదురుగా ఉన్నాడు. ఆరు నెలలుగా ముద్దుగా పెంచుకున్న గడ్డంతో ఉన్నాడు. గడ్డం పోయింది. చుక్క నెత్తురు రాలేదు.

"గడ్డం వేరు, మాడు వేరు" అంది అక్క. శ్రీశైలం తల కూడా నున్నగా అయింది.

"ఇగ తే పిల్లగాన్ని" అన్నాడు రాజలింగం.

"ఆగుండ్రి మామా, తమ్ముని నెత్తిల చుండ్రుంది. ఉడకబెట్టి తెస్త."

ఉడికించే ముందు పీచుతో తోమితే అంచు పోతుంది. అంచు పోతే నూరాలి. నూరితే ఎవరి మీదైనా చూడాలి. చూస్తే మళ్ళీ ఉడికించాలి. గానుగెద్దు కూడా ఇంత తిరగదు. రెండో తడవ రాజలింగం మీసాలు పోయాయి. వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కోసాగారు.

పదీ పది అయింది. రాజలింగం కూలబడ్డాడు. "నలబై ఏండ్ల చెయ్యి బిడ్డా. నమ్మవా?"

"మిమ్ముల నమ్ముత మామా. మనసే ఆగుతలేదు."

ఆయన ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, వేడినీళ్ళు నా మీద ధారగా పోయించాడు. మెత్తటి గుడ్డ ఇచ్చి, వెన్ను నుంచి అంచుకు ఎలా తుడవాలో, చీల దగ్గర ఎలా అద్దాలో చూపించాడు. ఆమె అలాగే తుడిచి, అద్దింది. నేను పొడిగా, పదునుగా మెరిశాను. ఆమె కాసేపు నన్నే చూసి, కణత మీది జుట్టు పక్కకు తీసింది.

"ఈడ గీయుండ్రి."

"ముత్తైదువకు కత్తి పెడ్తరానే!" అని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

"వేలెడంతనే. నా మీద గీసినంక ఉడకబెట్టే పని లేదు. నాకున్నయన్నీ వానికి ఎప్పుడో అంటినయ్. నా పాలే గద తాగుతుండు."

నలభై ఏళ్ళలో మొదటిసారి రాజలింగం నన్ను ఒక ముత్తైదువ కణత మీద ఆనించాడు. నేను గీశాను. తెగలేదు. ఆ వెంటనే, గుండు మేనమామ ఒడిలో, పిల్లాడి వెంట్రుకలు పట్టు కుచ్చుల్లా జారాయి. వాడు ఏడవనైనా లేదు. మేనమామ నున్నటి నెత్తిని చప్పట్లు కొట్టినట్టు చరుస్తూ కూర్చున్నాడు.

స్వరూప నన్ను తుడిచి, తెరిచి గాలికి పెట్టింది. తర్వాత కొడుకు తల మీద అరచేత్తో గాటు వెతకడం మొదలుపెట్టింది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు.

"అక్కా, గీ ముచ్చట ముందే యాదికొస్తే నా గడ్డం ఉంటుండె గద!" అన్నాడు శ్రీశైలం గడ్డం లేని చెంప తడుముకుంటూ. "నాకు తెగితే ఏం జేస్తుంటివి?"

"పసుపు పెడ్తుంటి" అంది స్వరూప, కొడుకు నెత్తి మీంచి చూపు తీయకుండానే.