కాగితం మీద పద్దెనిమిది

తడిసిన హోస్ పైపుని షెడ్డు బయట ఎండలో పొడవుగా పరిచి, మధ్యకు మడిచి చుట్ట చుడుతూ, జెమీమా ఎక్కడుందో దేవకుమార్ మరోసారి చూసుకున్నాడు. కూతురు లోపల ఇంకో ఇద్దరు హైస్కూల్ పిల్లలతో కలిసి హెల్మెట్లు తుడుస్తోంది. చర్చి నుంచి నేరుగా వచ్చి, తెల్ల కుర్తాకి అప్పుడే మసి అంటించుకుంది. ఇంటికెళ్లాక వాళ్లమ్మ విమలకుమారి ఇద్దర్నీ కలిపి తిడుతుంది.

క్యారీ ఊరు దాటి పొలాలు మొదలయ్యే చోట ఉన్న ఆ వాలంటీర్ ఫైర్ స్టేషన్‌లో దేవకుమార్‌కి మంటలార్పే పని లేదు. తాలింపు చిటపటలాడితే వెనక్కి జరిగే మనిషి అతను. మందుల కంపెనీలో రికార్డులు సరిచూడటం అతని ఉద్యోగం. ఎవరో వేసిన తేదీల్లో తప్పులు పట్టి తిప్పి పంపుతూ ఉంటాడు. ఫైర్ సర్వీస్‌లో చేరతానని కూతురు అడిగినప్పుడు వద్దనడానికి కూడా భయపడ్డాడు. జూనియర్ల వెంట ఎప్పుడూ పెద్దవాళ్లు ఒకరు ఉండి తీరాలన్న రూల్ చూసి, తనే ఆ పెద్దమనిషిగా చేరిపోయాడు.

రూల్స్ అన్నీ అతనికి కంఠతా వచ్చు. పద్దెనిమిది నిండనివాళ్లు మండుతున్న ఇంట్లోకి వెళ్లకూడదు. ముందు బయలుదేరే ఫైరింజన్ ఎక్కకూడదు. ప్రమాదం జరిగిన చోటు చుట్టూ కట్టే పసుపు టేపు దాటకూడదు. పిల్లల్ని మరీ కట్టిపడేస్తున్నారని మిగతా తల్లిదండ్రులు సణిగేవాళ్లు. దేవకుమార్ మాత్రం ఆ రూల్స్ పెట్టినవాళ్ల కోసం, వాళ్లెవరో తెలియకపోయినా, ప్రార్థన చేసేవాడు.

ఆ కాపలా నిన్నటితో అయిపోయింది. పాస్‌పోర్ట్ ప్రకారం జెమీమాకి ఈ రోజు పద్దెనిమిది నిండాయి.

నిజానికి నిండలేదు. ఆమె పుట్టింది క్రిస్మస్ ముందు వారంలో. బాపట్లలో ఒకటో తరగతిలో వేయబోతే వయసు చాలదన్నారు. ఏడాది కలిసొస్తుంది కదా అని దేవకుమారే పుట్టినరోజుని అదే ఏడాది ఆగస్టుకి జరిపి రాయించాడు. ఊళ్లో అందరూ చేసే పనే. ఆ తేదీతోనే బర్త్ సర్టిఫికెట్, దాంతోనే పాస్‌పోర్ట్, వీసా. గ్రీన్‌కార్డ్ క్యూలో ఇంటిల్లిపాదీ ఆ తేదీ పట్టుకునే నిలబడి ఉన్నారు. పొద్దున చర్చిలో ఎవరో హ్యాపీ బర్త్‌డే అంటే, అతను గబగబా కారు దగ్గరికి నడిచాడు.

అలారం మోగింది. హైవే అవతల రెండంతస్తుల ఇల్లు అంటుకుంది. ఆదివారం కావడంతో స్టేషన్‌లో మనుషులు తక్కువ. కెప్టెన్ రస్సెల్ బూట్లు వేసుకుంటూనే చుట్టూ చూసి, జెమీమా దగ్గర ఆగాడు. ట్రైనింగ్ ఎప్పుడో పూర్తి చేసింది, వయసే అడ్డంగా ఉండేది.

"నువ్వూ రా. నన్ను వదలకుండా నా వెనకే ఉండు," అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత మర్యాద కోసం దేవకుమార్ వైపు తిరిగాడు. "ఆర్ యూ ఓకే విత్ దిస్, దేవ్?"

ఆ తేదీ తప్పు అంటే చాలు, పిల్ల ఆగిపోతుంది. ఆ మాట వెనకాల లాయర్లు, ఇంటర్వ్యూలు, అబద్ధం చెప్పారన్న ముద్ర, విమలకుమారి ఉద్యోగం, ఇల్లు, అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి.

జెమీమా బరువైన కోటు తొడుక్కుంటూ తండ్రికి దగ్గరగా వచ్చింది. ఆమెకు ఆ తేదీ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"చెప్తావా డాడీ?" అంది తెలుగులో, మెల్లగా.

"జెమీ..."

"నువ్వు చెప్తే ఆగిపోతా. ఐ ప్రామిస్. నీ మీద కోపం కూడా రాదు."

"నీకు భయంగా లేదామ్మా?"

"ఉంది. చాలా ఉంది."

కోటు బొత్తాలు సగంలో ఆపేసి ఆమె ఎదురుచూడటం దేవకుమార్ చూశాడు. ఇది తనను అడగడం కాదు, ఆపమని బతిమాలడం అని అతనికి తెలిసింది. అయినా రెండు భయాల్లో పాతదే, కాగితాల భయమే గెలిచింది.

"ఓకే," అన్నాడు కెప్టెన్‌తో.

జెమీమా ఒక్క క్షణం అతన్నే చూసింది. "సరే డాడీ," అని ఫైరింజన్ ఎక్కింది.

బండి రోడ్డెక్కాక కారు తాళాల కోసం జేబులో చెయ్యి పెట్టాడు. మిగిలిన పిల్లలిద్దరూ అతని వైపే చూస్తూ నిలబడ్డారు. జూనియర్లను వదిలి పెద్దవాళ్లు కదలకూడదు. అతను ఆగిపోయాడు.

ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాడు. ఏమని అడగాలో తోచలేదు. గోడ మీది రేడియోలో కెప్టెన్ గొంతు వినిపించింది. లోపలికి వెళ్తున్నామని చెప్పి, వెంట వస్తున్నవాళ్ల పేర్లు చదివాడు. ఆఖరిది జెమీమా పేరు. ఆ తర్వాత రేడియో గరగరమంది, అంతే.

ఇందాకటి దాకా ఫైరింజన్ నిలబడిన చోట, ఖాళీ సిమెంటు నేల మీద, పట్టీలు విప్పకుండానే లాగేసిన జెమీమా చెప్పులు పడి ఉన్నాయి, ఒకటి బోర్లా.