మిఖాయేలు అందుకున్న ముంత

ఇందులో ఆవగింజంత అబద్ధముంటే నా నాలుక రొట్టెల పెనానికి అంటుకుపోవాలి.

ఆ రోజు వుడె మూడు వందల ఇంజెరా రొట్టెలు పోసింది. సరే, ముప్పై అనుకో; ఆవిడ మోకాళ్లకు మాత్రం మూడు వందలే. నెలనెలా పన్నెండో తేదీన ప్రధానదూత మిఖాయేలు పేరిట సంఘం వాళ్లంతా ఒక్కో ఇంట్లో భోంచేస్తారు. ఈసారి వంతు వుడెది. లోపలి గదిలో కూతురు అస్నాకెచ్ రెండు రోజులుగా నొప్పులు పడుతోందని వంతు ఆగదు. మంత్రసానికి అరిచి అరిచి గొంతు పోయింది. ఇప్పుడు సైగలతో కానిస్తోంది.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. ఎప్పటిలాగే చివర్న మిఖాయేలు, గుమ్మంలో వంగి, రెక్కలు పక్కకు తిప్పుకుని లోపలికొచ్చాడు.

"కాళ్లు తుడుచుకో నాయనా, పండక్కని పచ్చగడ్డి ఇప్పుడే పరిచాను," అంది వుడె.

"పొయ్యికి దూరంగా కూర్చో," అంది పొరుగింటి తిరునెష్. "మా ఇంట్లో ఈకలు కాలిన కంపు ఇంకా పోలేదు."

ఆయనా అలసిపోయే ఉన్నాడు. కళ్ల కింది సంచుల్లో పుట్టెడు గింజలు పట్టేలా ఉన్నాయి. ఎప్పుడూ ఖాళీ చేతులతో వచ్చేవాడు, ఈసారి కుడిచేతిలో త్రాసు ఉంది. ప్రాణాన్ని తూచి వెంటబెట్టుకుపోయే త్రాసు. అందరూ చూశారు. తిరునెష్ కూరగిన్నె వైపు తిరిగిపోయింది.

"ఎవరికి?" ఇంట్లో కాచిన బార్లీ కల్లు తెల్లాను వంచుతూ అడిగింది వుడె.

"లోపల. ఒకరో, ఇద్దరో."

"కాన్పులు రఫాయేలు దూత చూసుకోవాలి కదా."

"ఆయనొచ్చేది ఏడాది చివర్న, తన పండక్కే. నాదేముంది తల్లీ, మోసుకుపోయే పని."

వుడెకు బతిమాలే ఓపిక కూడా లేదు. అందరికీ వడ్డించింది. భోజనాలయ్యాక సంఘం ముంత నింపింది. వచ్చే నెల వంతువాళ్లు దాన్ని అందుకుని, ఇంటికి చేర్చేదాకా కింద పెట్టకూడదు. ఆ వంతు గెటాహున్‌ది. ఆయన చేతులు చాచాడు కూడా. వుడె ఆయన్ని దాటుకుపోయి ముంతను మిఖాయేలు ముందు పట్టింది.

"ముప్పై ఏళ్లుగా తాగుతున్నావు. ఒక్కసారి పెట్టావా?"

"నాకు ఇల్లెక్కడిది?"

"మా పెరడుంది."

"వచ్చిన వంతు కాదనకూడదు స్వామీ," అన్నాడు ముసలి పూజారి, గడ్డంలో మెతుకులు దులుపుకుంటూ.

మిఖాయేలు ఎడమచెయ్యి చాచాడు.

"ఒంటిచేత్తోనా?" అంది తిరునెష్. "నీకు అమ్మ లేకపోతే లేకపోయింది, మేమైనా నేర్పలేదా?"

ఈ కొండల్లో ముంతను ఒంటిచేత్తో అందుకున్నవాడు పుట్టలేదు. వుడె పట్టుకున్న ముంత ఒలికి, తెల్లా ఆవిడ మణికట్ల మీదికి కారుతోంది. ఆయన ఆ చేతుల వైపు చూశాడు. చివరికి త్రాసు గడ్డి మీద పెట్టి, రెండు చేతులతో ముంత అందుకున్నాడు. త్రాసు గడ్డి మీదే వదిలేసి, ముంత కింద పెట్టకుండా అలాగే పెరట్లోకి నడిచాడు.

లోపల పసిపిల్ల ఏడ్చింది. కాసేపటికి అస్నాకెచ్ నీళ్లడిగింది. వుడె గోడకు ఆనుకుని, నిలబడే నిద్రపోయింది.

ఆయన వంతొచ్చే పన్నెండో తేదీకి ఇంకా వారముంది. ఆయనకు తెల్లా కాయడం రాదు. ఇప్పటికి ఏడు కుండలు పాడుచేశాడు. నువ్విక్కడ కాళ్లు చాపుకుని వింటున్నది చాలు గానీ, లేచి తెల్లాకు చేదెక్కించే ఈ గేషో ఆకు మూట వుడె పెరట్లో ఆయనకిచ్చి రా. దంచి, నానబెట్టి, మూడో రోజున కలపమను. దారిలో ఎక్కడా కబుర్లకు ఆగకు.