విమానం ఎక్కేముందు తూకం

పొద్దున ఆరున్నరకల్లా రేకుల షెడ్డు ముందు ప్రయాణికులు ఎనిమిది మందీ వరసగా నిలబడేవారు. ఒక్కొక్కరే చెప్పులు విడిచి, సంచీ చేత్తో పట్టుకుని కాటా ఎక్కేవారు. పైలటమ్మ ముల్లు చూసి, పలక మీద సుద్దముక్కతో అంకె వేసి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది. వారం రోజుల్లో నాలుగు దీవులు చూపించే యాత్ర అది, చివరి దీవిలో మూడు రోజుల మకాం. దీవి నుంచి దీవికి చిన్న విమానం, దిగాక జీపు.

పెద్ద విమానాలకి ఈ బాధ లేదు. ఏనుగు ఎక్కినా వాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు. చిన్న విమానం అలా కాదు, తక్కెడ లాంటిది. బరువు వెనక్కి పోతే ముక్కు ఎత్తేస్తుంది, ముందుకొస్తే ముక్కు దించేస్తుంది. అందుకని తూకం. పైగా ఆ దీవుల్లో కాటాలు ఒంటి బరువుతో పాటు మనిషి కడుపులో దాచుకున్న మాటని కూడా తూస్తాయి. దాన్ని ఎవరూ వింతగా అనుకునేవారు కారు. వాన పడితే గొడుగు తెరిచినట్టు, పైలటమ్మ దానికీ లెక్క వేసుకుని సీట్లు సర్దేది.

"మా అక్క అద్దం పగలగొట్టింది నేనేనని రాత్రి చెప్పేశాను," అంది కాటా దిగుతూ ఒక రిటైరైన నర్సు. "కిలోన్నర తగ్గాను."

"ముప్పయ్యేళ్ళు పిల్లిని తిట్టించింది మహాతల్లి," అంది వెనక నిలబడ్డ అక్క.

అందరూ నవ్వారు. సూపరింటెండెంటు గారు మాత్రం నవ్వలేదు. తరవాత వంతు ఆయనది.

ఆయన ముప్పై ఆరేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేసి, చొక్కా మడత నలగకుండా రిటైరైన మనిషి. ఇంట్లో బయల్దేరినప్పుడు అరవై ఎనిమిది కిలోలు. మొదటి దీవిలో డెబ్భై నాలుగు. రెండో దీవిలో, ఈ రోజు, ఎనభై ఒకటి.

"వెన్న రాసిన రొట్టెలండీ," అన్నాడాయన పైలటమ్మతో. "పూటకి నాలుగు లాగించేస్తున్నాను."

"తిండి బరువైతే ముల్లు నిలబడుతుంది సార్. ఇది వణుకుతోంది," అందావిడ మామూలుగా. "మధ్య సీట్లో కూర్చోండి."

ఆయన భార్యకి ఎప్పుడూ కిటికీ పక్కనే. ఆవిడ మొదటి రోజు ఎంత తూగిందో ఈ రోజూ అంతే. విమానం లేవగానే నుదురు అద్దానికి ఆనించింది. కింద నీళ్ళలో పగడపు దిబ్బ గుర్రపు నాడాలా వంగి ఉంది. విమానం నీడ చేపలా వెంట ఈదుతోంది.

"అన్నయ్య చూస్తేనా..." అని మొదలుపెట్టి, ఠక్కున ఆగిపోయింది. కాసేపటికి, "రానన్నాడా? ఆ మాట తనే అన్నాడా?" అని అడిగింది. ఈ ప్రశ్న అడగడం ఇది ఐదోసారి.

"తనే అన్నాడు. గాల్లో తిరిగే సరదా నాకు లేదు పొమ్మన్నాడు," అన్నాడాయన, కిటికీ వైపు చూడకుండా.

అది పచ్చి అబద్ధం. తల్లీ తండ్రీ పోయాక ఆవిణ్ణి పెంచింది ఆ అన్నే. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని, చేతులు బారజాపించి, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ వీధి వీధంతా తిప్పేవాడు. ఏనాటికైనా నిజం విమానం ఎక్కిస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. పెద్దయ్యాక బస్సు డ్రైవరయ్యాడు. చిక్కేమిటంటే, ఆ మహానుభావుడు ఏ బండిలోనూ ప్రయాణికుడిలా కూర్చోలేడు. లేని బ్రేకుని కాలితో తొక్కుతాడు. "సైడ్! సైడ్! ముందుకి జరగండమ్మా!" అని కేకలేస్తాడు. ఆటోలో వెళ్ళినా అంతే, పెళ్ళివారి కారులో వెళ్ళినా అంతే. పదిమందిలో అలాంటి బావగారితోనా, అని సూపరింటెండెంటు గారికి తల కొట్టేసినట్టుండేది. అందుకని భార్యతో అన్న రానన్నాడని చెప్పాడు. ఆ అన్నతో, "చెల్లెలికి ఈసారి మేమిద్దరమే వెళ్ళాలనుంది బావగారూ" అని చెప్పాడు. రెండు ముక్కల్లో పని అయిపోయిందనుకున్నాడు. కాటా సంగతి అప్పుడాయనకి తెలియదు.

మూడో దీవిలో జీపు కొండెక్కుతూ సగంలో మొరాయించింది. పైన అగ్నిపర్వతం గోతిలో ఆకుపచ్చ చెరువు ఉందట, అది చూడాలి. అందరూ దిగి తోశారు. కదల్లేదు. ఎక్కడా దుమ్మంటుకోకుండా ముందు సీట్లో కూర్చున్న సూపరింటెండెంటు గారు చివరికి దిగాడు. జీపు ఎవరూ తోయకుండానే చరచరా ఎక్కేసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఆయన చెవులకి వేడిగా తగిలింది. ఆయన వెనక నడిచి వచ్చాడు.

చెరువు గట్టున భార్య మెల్లగా అంది: "ఇంటికెళ్ళాక అన్నయ్యతో మాట మానేస్తాను. నా ఒక్క ముచ్చటకి రాని అన్న నాకెందుకు?"

ఆయన చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు.

మర్నాడు పొద్దున ముల్లు తొంభై ఆరు దగ్గర వణికింది.

పైలటమ్మ సుద్దముక్క కింద పెట్టింది. "నాలుగో దీవిలో రన్‌వే చాలా పొట్టి సార్. ఈ బరువుతో దిగలేను. దించుకోండి, లేదా మీరు ఆగిపోండి."

ఏడుగురూ చూస్తున్నారు. ఆయన కాళ్ళకి చెప్పులు లేవు, చేతిలో సంచీ. కాటా మీద నిలబడే, తేలు కుట్టిన దొంగలా నేల చూస్తూ చెప్పాడు. "మీ అన్నయ్య రాననలేదు. నేనే పిలవలేదు. పిలవకుండా ఉండటానికి నీ పేరు చెప్పాను."

భార్య ఆయన పాదాల కేసి చూసింది. తరవాత అంది: "నలుగురూ ఏమనుకుంటారోనని కదూ? ఇప్పుడు అడగండి, ఏమనుకుంటున్నారో."

నర్సూ, ఆవిడ అక్కా తలలు తిప్పుకున్నారు. ముల్లు తొంభై ఒకటికి దిగి ఆగిపోయింది.

"ఐదే తగ్గిందేం?" అన్నాడాయన బేలగా.

"ఈవిడకి చెప్పారు. ఇంకొకరు మిగిలారు కదా," అంది పైలటమ్మ, పలక మీద ఆయన అంకె తుడిచేస్తూ.

భార్య విమానమెక్కి కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యి ఊపలేదు. విమానం చుక్కంతై మాయమయ్యాక ఆయన షెడ్డులోకి వెళ్ళి ఫోనెత్తాడు.

"బావగారూ! చెల్లాయికి కిటికీ పక్క సీటు ఇచ్చారా?" అట్నుంచి గొంతు షెడ్డంతా మోగింది.

"ఇచ్చారు," అని, నీళ్ళు నమిలి నమిలి, మొత్తం చెప్పాడు. ఫలానా చోట ఉండిపోయానని కూడా చెప్పాడు.

"నేను పరువు తక్కువ మనిషినే లెండి," అన్నాడు బావగారు. "అయినా అది చిన్నప్పుడు భుజం మీంచి కిందకి చూడాలంటే భయపడేది. ఇప్పుడు చూస్తోందా?"

"చూస్తోంది."

"అయితే వస్తున్నా. చెల్లాయికి నేనే చెప్తాను."

మూడోనాడు వచ్చాడు. బానపొట్ట, బస్సు డ్రైవరు భుజాలు, చంకలో మడత విప్పని కొత్త తువ్వాలు. ఆయన్ని చూడగానే సూపరింటెండెంటు గారు ముఖం చెల్లక, వంగి చెప్పులు విడవసాగాడు.

"ముందు మీరెక్కండి," అని బావగారు కాటా వైపు తోశాడు. ఎనభై నాలుగు. "మిగతాది మీతోనే ఉంటుంది సార్," అంది పైలటమ్మ. తరవాత బావగారు ఎక్కాడు. కాటా చెక్కలు కిర్రుమన్నాయి. ముల్లు కదిలి, పంతొమ్మిది దగ్గర నిలబడింది. వణకలేదు.

"బొత్తిగా ఏమీ దాచుకోనివాళ్ళకి కాటా ఒంటి బరువు కూడా తగ్గించేస్తుంది," అంది పైలటమ్మ. "ఇద్దరూ కలిసి ఒకటిన్నర మనిషి. ఎక్కండి."

కిటికీ పక్కన బావగారిని కూర్చోబెట్టి, సూపరింటెండెంటు గారు ఇవతల కూర్చున్నాడు. పగడపు దిబ్బలు ఆయన చూడలేదు. పక్కవాడి సంతోషం తన ఒంటిని గుచ్చుతుంటే కదలకుండా కూర్చున్నాడు. నాలుగో దీవి దగ్గరపడింది. పొట్టి రన్‌వే చివర ఎవరో నిలబడ్డారు. ఇంకాస్త కిందకి దిగేసరికి పోలిక తెలిసింది. చేతులు రెండూ బారజాపి నిలబడింది భార్య, చిన్నప్పటి ఆటలోలాగ.

ఆ చేతులు తన కోసం కావని ఆయనకి తెలుసు.

"సైడ్! సైడ్! ముందుకి జరగండమ్మా!" అని బావగారు గొంతు చించుకుంటూ లేని బ్రేకుని బలంగా తొక్కాడు. ముందు సీట్లలోని కొత్త ప్రయాణికులంతా వెనక్కి తిరిగి చూశారు. సూపరింటెండెంటు గారు సిగ్గుతో తల దించుకున్నాడు. దించుకున్నాక కనిపించింది, బావగారి కాలి పక్కనే తన కుడికాలు కూడా నేలని గట్టిగా తొక్కి పట్టుకుని ఉంది.