కస్తూరి పెంచిన పులుపు

సీసా మూత తీసి వాసన చూశాడు బాలసుందరం. మాగిన అరటిపండు, పుల్లమజ్జిగ కలిసిన వాసన. గుప్పెడు గోధుమపిండి వేసి, కాసిని నీళ్లు పోసి కలిపాడు. ఆదివారం కనుక పప్పుల మండీలో గుమాస్తా పని లేదు. భుజాన తుండు, మోచేతుల దాకా పిండి.

రొట్టె పొంగడానికి పిండిలో కలిపే ఈ పులుపును మొదలుపెట్టింది కూతురు శ్రుతి. లాక్‌డౌన్‌లో ఫోనులో చూసి రొట్టె చేస్తానని హడావుడి చేసి, రెండు రొట్టెలకే విసిగి వదిలేసింది. ప్రాణమున్నదాన్ని పారబోయడానికి బాలసుందరం భార్య కస్తూరికి చేతులు రాలేదు. వేసవిలో పొంగిపోకుండా నీళ్ల గిన్నెలో నిలబెట్టి మరీ సాకింది.

"నాకన్నా ముందు దానికే పెడతావే!" అని మొగుడు ఆటపట్టిస్తే, "మీరైతే నోరు తెరిచి అడుగుతారు. అది అడగలేదు గదా, పాపం!" అనేది.

ఆమె పోయినప్పుడు మైల అని బంధువులు నిలవనీళ్లు, పులిసిన పిండి అంతా పారబోశారు. బాలసుందరం ఏడుస్తూనే సీసాను బీరువాలో చీరల వెనక దాచేశాడు. తప్పని తెలుసు, అయినా ఏనాడూ బాధపడలేదు. ఆ వాసన వస్తుంటే కస్తూరి వంటింట్లో ఉన్నట్టే ఉంటుంది. రేపు తాను పోతే దాచేవాళ్లెవరు? ఆయన దిగులల్లా అదే. ఊరికి ఆ చివర షోళింగనల్లూరులో ఉద్యోగం చేసుకుంటున్న శ్రుతికి ఇవ్వబోతే, కొనుక్కుంటే పోయేదానికి ఇంత అవస్థ ఎందుకప్పా అంది.

కాసేపటికి వాషర్‌మెన్‌పేట్‌లో ఆయన ఉండే పాత ఫ్లాట్లవాళ్లంతా వెనక జాగాలో చేరారు. అందరూ కలిసి తోట వేయాలని ఆలోచన. సెక్రటరీ రఘురామ్ ముగ్గుపిండితో మడులు గీశాడు. మూలన ఎరువు గుంత అప్పటికే తవ్వించాడు. ఎవరింట్లో ఉన్నది వాళ్లు పంచుకోవాలన్నాడు. బెండ విత్తనాలు, పుదీనా కొమ్మలు చేతులు మారాయి. బాలసుందరం మాత్రం పులుపు నింపిన చిన్న సీసా చాచాడు. వాసన చూసినవాళ్లు చూసినట్టే వెనక్కి తగ్గారు. చివరికి కింది ఇంటి విజయ ముందు నిలబడ్డాడు. ఆవిడ మడీ ఆచారం ఆ వీధికంతా తెలుసు.

"పాచి పిండి గదన్నా! నా వంటింట్లో ఎట్టా పెట్టేది?"

"ఆడ ఓ మూల పెట్టుకోమ్మా. దినమూ కాస్త పిండెయ్యి, చాలు. నేను పోతే ఈడిదంతా పారబోస్తారు. కస్తూరి చెయ్యి పడింది గదా దాంట్లో."

"పొద్దున్నే ఏం మాటలన్నా అవి!" అని విసుక్కుంటూనే విజయ సీసాను కొంగు చాటున పెట్టుకుంది. కస్తూరి, ఆవిడ ఏళ్ల తరబడి కలిసి కూరగాయలకు వెళ్లినవాళ్లు.

బాలసుందరానికి గుండె తేలికపడింది. ఇంటికొచ్చి, రాత్రి కలిపి పెట్టగా పొంగిన రొట్టెపిండి ముద్దకు బ్లేడుతో గాటు పెట్టి, అవన్‌లో పెట్టి, కుర్చీలో వాలాడు. కస్తూరి చేసిన మొదటి రొట్టె రాయిలా ఉంటే, చారులో నానేసుకుని ఇద్దరూ నవ్వుకుంటూ తిన్నది గుర్తొచ్చింది. వాసన ఇల్లంతా కమ్ముకుంది. కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం విజయ వచ్చింది. "అన్నా, ఇది పొంగతా ఉండాది. పెద్ద సీసాలోకి మార్చేదా?"

కుర్చీలో ఆయన తల పక్కకు వాలిపోయి ఉంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుని చూసి, అక్కడే నేల మీద కూలబడింది.

శవం లేచాక, ఆచారం ప్రకారం ఇంట్లోని నీళ్లు, వండినవి, పిండి పారబోసింది విజయే. బాలసుందరం సాకిన పెద్ద సీసాను తూములో వంపుతుంటే శ్రుతి భోరుమంది. "అమ్మది, అత్తా!"

"ఏడవొద్దమ్మా. మా ఇంట్లో ఉండేది మీ నాయన ఊపిరి ఉండగానే గడప దాటింది. దానికి మైల లేదు."

అవన్ తెరిచింది. దానంతటదే ఆరిపోయి ఎప్పుడో చల్లబడింది. చావింటి తిండి ఎవరూ తినకూడదు. చెత్తబుట్టలో వేయడానికి మాత్రం ఆవిడకు మనసొప్పలేదు. రొట్టెను రెండు చేతులా పట్టుకుని తోటలోకి నడిచింది.

ఇంకా ఒక్క మొక్కా నాటని ఆ జాగాలో, ఎరువు గుంత అడుగున, గాటు దగ్గర విచ్చుకుని, ఎర్రగా కాలిన రొట్టె.