నీడకు నిలిపిన కారు

యమునాబాయి చాట ఒడిలోకి లాక్కుని, రేకు ముక్కను బీడీ ఆకు మీద పెట్టి కత్తెర ఆడిస్తూనే, చెవి మాత్రం గుమ్మం బయట పెట్టింది. బయట కొమురయ్య కారు తుడుస్తున్నాడు. బకెట్ నేలమీద ఆనిన చప్పుడు, గుడ్డ పిండిన చప్పుడు, మధ్యమధ్యలో అతని ఊపిరి. ప్రతి ఊపిరి చివరా ఒక సన్నటి ఈల. ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఆ ఈల ఆమెకు వినిపిస్తుంది. కొన్నేళ్లుగా భర్త ఎక్కడున్నాడో ఆమె కళ్లతో వెతకడం మానేసింది.

ఈ ఎండాకాలం మళ్లీ కళ్లతో వెతకడం మొదలుపెట్టింది.

యమునాబాయికి నమ్మకం తొందరగా కుదరదు. పాలు వాసన చూడకుండా పొయ్యి మీద పెట్టదు. బస్సు ఎక్కితే కండక్టరును ఎక్కడికి పోతుందని అడిగి, పక్కనున్న ఆడమనిషిని మళ్లీ అడుగుతుంది. పెళ్లినాడు వరుడికి రెండు మగ్గాలున్నాయన్నారు. షోలాపూర్ వచ్చి చూస్తే అవి వేరేవాళ్లవి, కొమురయ్య వాటి మీద కూలికి నేసే మనిషి. అది చెప్పినవాళ్లు పెద్దలే గానీ అతను కాదు. అందుకే ఊరందరినీ అనుమానించినా ఆమె అతన్ని మాత్రం అనుమానించలేదు. అతనూ అందుకు తగ్గట్టే బతికాడు. తాగుడు లేదు, పేకాట లేదు. దాజీ పేట్‌లో టవళ్లు నేసే కార్ఖానాకు పోవడం, రెప్పల మీద, చెవి వెంట్రుకల మీద తెల్లటి దూదితో రావడం. రెండేళ్ల కింద సేటు సగం మగ్గాలు పాత ఇనుముకు అమ్మేశాడు. కొమురయ్యకు ఎప్పుడో సేటు తండ్రి హయాంలో టెంపో నడిపిన అలవాటుంది. అందుకని మగ్గం పోయినా మనిషి మిగిలాడు, కారు డ్రైవరుగా.

మొదట్లో మధ్యాహ్నం తిండికి ఇంటికి వచ్చేవాడు. ఈ మధ్య రావడం లేదు. సాయంత్రం వచ్చేటప్పుడు చూస్తే చొక్కా పొడిగా ఉంటుంది. షోలాపూర్ ఎండలో గొడ్లు కూడా నీడ వదలని రోజులు ఇవి. ఊరంతా చెమటతో తడిసి వస్తుంటే ఇతను మాత్రం తల దువ్వుకుని, బాగా నిద్రపోయి లేచిన మనిషిలా వస్తున్నాడు. రాత్రిళ్లేమో గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవారుస్తాడు. రాత్రి లేని నిద్ర పగలు ఎక్కడ దొరుకుతోంది? ఎవరి ఇంట్లో దొరుకుతోంది?

"ఓ... ఇయ్యాల బువ్వకు వస్తవా?" లోపలి నుంచే అడిగింది.

"రాను. సేటుతోని కుంభారి దిక్కు వోవాలె. కొత్త షెడ్డు కడుతుండ్రు గద."

"దినాం ఏం కడుతరు?"

గుడ్డ అద్దం మీద కీచుమంది.

బూడిద రంగు కారది. జపాన్ కంపెనీది. సేటు తండ్రి కొన్నప్పుడు పేటంతా చూడటానికి వచ్చింది. ఇప్పుడు తలుపుల కింద తుప్పు పట్టింది, వెనక బంపరు ఒక పక్క జారింది. కొమురయ్య దాన్ని తుడిచే తీరు చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఒకరోజు రొట్టె తింటూ ఆ కంపెనీ కథ చెప్పాడు. సేటు ఫోనులో చూపించాడట.

"ఈ కారు జేసెటోళ్లు మొదట ఏం జేస్తుండిరో ఎరుకేనా? మగ్గాలు! ఆ కంపెనీ పెట్టినాయన వాళ్లవ్వ నేసుడు సూడలేక, అల్కగ నడిచె మగ్గం జేసిండట. మనలెక్కనే."

"గట్లని ఎవడన్న అంటడు. మగ్గం జేసెటోడు కార్ల కాడికి ఎందుకువోయిండు మరి?"

"లడాయి ఒచ్చింది, నూలు దొరకలె, గిరాకీ వడిపోయింది. ఏం జేస్తరు? ఇంజన్లు వట్టిండ్రు." కొమురయ్య కొంచెంసేపు నమిలాడు. "నేను గూడ గంతే గద. మగ్గం ఇడిసిన, కారు వట్టిన."

అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. ఆమె మాత్రం ఆ కథ నమ్మలేదు. సొంత పని నిలబెట్టుకోలేనివాళ్ల బండి మీద ఏం భరోసా?

ఆకులు చాటలో పేరుస్తుండగానే వినాయక్ సేటు కారెక్కడానికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ ఫోను చెవి దగ్గరే. ఇవాళ ఫోను జేబులో పెట్టి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కొమురన్నా, బండి పెట్రోల్ మస్తు తాగుతుంది. మా నాయిన ఉన్నప్పుడు గిట్ల లేకుండె. జపానోడు గూడ ధోకా ఇచ్చెటోడే అయిండు. లేకపోతే..."

అక్కడ ఆగాడు. కొమురయ్య చేతుల వైపు చూశాడు. కొమురయ్య ఆ చూపు చూడనట్టే బకెట్ నీళ్లు మోరీలో పోసి, చేతులు చొక్కాకు తుడుచుకుని, కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

కారు సందు మలుపు తిరిగింది. ఆ "లేకపోతే" మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది. దొంగతనం అని సేటు అనలేదు. అనకుండా వదిలేసిన మాట అదే. కొమురయ్య దొంగ కాడు. అది ఆమె ఎవరి ముందైనా చెప్పగలదు. దొంగ కాకపోతే మరి పెట్రోలు ఎటు పోతోంది? కారు ఎక్కడో తిరుగుతోంది. ఎవరినో తిప్పుతోంది.

చుట్టిన బీడీలు సంచిలో వేసుకుని కంపెనీ బ్రాంచిలో అప్పగించడానికి పోయింది. అక్కడ వరుసలో ద్రౌపది కలిసింది. ఒకప్పుడు పక్కింటిదే. బీడీ కార్మికులకు కట్టిన కొత్త కాలనీలో ఇల్లు వచ్చాక కుంభారికి మారింది.

"ఏమే యమునా, మీ ఆయన మా దిక్కు దినాం వస్తడు, ఒక్కనాడన్న పలుకరియ్యడు!"

"మీ దిక్కా? సేటు షెడ్డు కాడికి గద?"

"షెడ్డు సడక్ మీద ఉంది. ఈయన కారు మా నీళ్ల ట్యాంకు ఎనక వెడుతడు. అద్దాలన్నీ ఎక్కిచ్చుకొని. నల్ల అద్దాలాయె, లోపట ఎవలున్నరో ఏం కనవడది బాయి." ద్రౌపది గొంతు తగ్గించింది. "నేనేం అంటలేను. చూసింది చెప్పిన."

బీడీలు చూసి తీసుకునే మనిషి ఆ రోజు ఎన్ని పక్కన పారేశాడో యమునాబాయి పట్టించుకోలేదు. ఇంకోరోజైతే ఒక్కొక్కటీ తీసి అతని ముక్కు ముందు పెట్టి తగువులాడేది.

ఇంటికి పోకుండా దాజీ పేట్ దారి పట్టింది. మూల మీద మంగేశ్ గ్యారేజీ ఉంది. సేటు కారు బాగుచేసేది అతనే. అలాంటిదే ఇంకొక కారు, ఎర్రది, అక్కడ బానెట్ తెరుచుకుని ఉంది. దాని యజమాని నితిన్ అనే బ్యాంకు ఉద్యోగి స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"మంగేశ్, ఈ జపాన్ కారు మంచిదేనా?" అంది యమునాబాయి, కొనబోయే మనిషిలా.

మంగేశ్ నవ్వాడు. "కొంటవా అక్కా? ఇంజన్ అయితే రాయి. రేకు మాత్రం కాగితం. ఈ మోడల్ కంపెనీ బంద్ జేసింది. సామాను కావాలంటే పుణె దాక పాత బండ్ల అంగళ్లు తిరగాలె."

"నువ్వు గట్లనే అంటవు," అన్నాడు నితిన్. "నా పెండ్లినాటి బండి. మొన్న తిరుపతి వోయొచ్చిన. ఒక్కసారన్న నడిమిట్ల ఆగలె."

"మీ తమ్ముడిది గూడ గదే బండి గద సాబ్? గేరు పెట్టె రెండుసార్లు దించిన. ఎందుకు అమ్మిండు మరి?"

"వానికి నడుప రాదు."

ఇద్దరూ వాదించుకుంటున్నారు. ఒకే కంపెనీ, ఒకే బండి. ఒకరికి బంగారం, ఒకరికి తలనొప్పి. యమునాబాయి ఇద్దరినీ నమ్మలేదు. అసలు సంగతి అడిగింది.

"పెట్రోల్ మస్తు తాగుతుందట. తిరగకుంటనే తాగుతదా?"

"తిరగకుంటె ఎట్ల తాగుతది? ఆ... ఒక్కటుంది. బండి నిలవెట్టి ఏసీ నడిపిస్తే తాగుతది. ఇంజన్ చాలూ ఉండాలె గద."

నిలబెట్టి. ఏసీ. అద్దాలు ఎక్కించి. ట్యాంకు వెనక.

కుంభారి బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. వేడిగాలి మొహాన కొడుతుంటే కొంగు అడ్డం పెట్టుకుంది. కొమురయ్య ఆమెకు ఏం తెచ్చిచ్చాడు ఈ ముప్పై ఏళ్లలో? చల్లగాలి మాత్రం తేలేదు. ఇంట్లో ఫ్యాను తిరిగితే పొగాకు లేస్తుందని ఎండాకాలమంతా ఆమె ఫ్యాను ఆపి బీడీలు చుడుతుంది. చెమట ముక్కు మీంచి చాటలో పడుతుంది. ఇక్కడ ఇంకెవతికో చల్లగాలి. ఎవతి? వయసెంత? కారు తలుపు లాగి ఏమనాలో ముందే మాటలు కూర్చుకుంది. దిగే చోటు వచ్చేసరికి అవన్నీ చెదిరిపోయాయి.

కాలనీలో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. గడపల మీద ఆడవాళ్లు చాటలు పెట్టుకుని కూర్చున్నారు. నీళ్ల ట్యాంకు దూరం నుంచే కనిపించింది. దాని నీడలో, ద్రౌపది చెప్పినట్టే, బూడిద రంగు కారు. ఇంజను సన్నగా రొద చేస్తోంది.

డ్రైవరు తలుపు పక్కన నేలమీద కొమురయ్య చెప్పులు ఉన్నాయి. ఎవరింటి గడపలోనో విడిచినట్టు, బుద్ధిగా, జతగా.

యమునాబాయి దగ్గరికి వెళ్లింది. ఆ పక్కన ఇంకో జత కోసం చూసింది. లేదు. కారు చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గర చూసింది. అక్కడా లేదు. నల్లటి అద్దంలో తన మొహమే కనబడింది. మళ్లీ ఇవతలికి వచ్చి పిడికిలితో డ్రైవరు అద్దం మీద కొట్టింది.

తలుపు తెరుచుకుంది. చల్లటి గాలి ఆమె పాదాల మీద పడింది. సీటు పూర్తిగా వెనక్కి వాల్చి పడుకున్న కొమురయ్య, మోచేతుల మీద లేస్తూ అయోమయంగా చూశాడు.

"యమునా? ఏమైంది? ఇంట్ల..."

"ఎవలున్నరు లోపట?"

"ఎవలుంటరే?"

ఆమె వంగి వెనక సీటు చూసింది. సేటు గొడుగు, ఒక నీళ్ల సీసా. అంతే.

కొమురయ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వుదామనుకున్నట్టున్నాడు, నవ్వలేదు.

"లోపటికి రా. గాలి వోతుంది. చెప్పులు బయట ఇడువు."

ఆమె అవతలి తలుపు వైపు తిరిగివచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఆ కారులో కూర్చోవడం అదే మొదటిసారి. తలుపు మూసుకోగానే బయటి లోకం మాట పడిపోయింది. ఎదురుగా ఏసీ జాలీకి ఒక తడిగుడ్డ కట్టి ఉంది. ఆకుపచ్చ అంచు. తన పాత చీర ముక్కే.

"ఇందుల పండుకుంటే ఊపిరి ఆడుతది," అన్నాడు అతను, అద్దంలోకి చూస్తూ. "సేటును షెడ్డు కాడ దించినంక జర్రసేపు ఇక్కడ ఉంట. గా గుడ్డ తడిపి కడితే దుమ్ము రాదు. మంచిగ నిద్ర వడుతది."

"ఇంట్ల పడదా?"

అతని చూపు ఆమె చేతుల మీద పడింది. ఆమె తన చేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో పొగాకు. చీరలో పొగాకు. ఇంటి గోడల్లో పొగాకు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బీడీలు ఇడిసి కూసుంటవు. ఎట్ల ఎల్తది మనకు?"

"సేటు నిన్ను దొంగ అనుకుంటుండు."

"ఎరుకే. ఇయ్యాల చెప్త."

"నువ్వు చెప్పలేవు. నేనే చెప్త."

"చెప్పు మరి," అన్నాడు తేలికగా, బరువు దింపుకున్నట్టు. మళ్లీ వెనక్కి వాలాడు. "ఈ కారు గురించి అందరు అన్ని తీర్ల అంటరు. నాకైతే మంచిగనే ఉంది."

కళ్లు మూసుకున్నాడు. యమునాబాయి చెవి పెట్టి విన్నది. ఈల లేదు. ఏళ్ల తర్వాత అతని ఊపిరి చప్పుడు లేకుండా, పసిపిల్లల ఊపిరిలా పోతోంది, వస్తోంది. ఈ చల్లదనం ఎక్కడినుంచి వస్తుందో అని జాలీ ముందు వేళ్లు పెట్టి చూసింది. తర్వాత చేతులు ఒడిలో పెట్టుకుంది. ఏ పనీ లేకుండా ఆ చేతులు అలా ఉండటం ఆమెకే వింతగా అనిపించింది. ద్రౌపది బిందెతో వచ్చి, కారు దగ్గర ఆగి, అద్దంలోకి తొంగిచూసింది. లోపలిది ఏమీ కనబడక ముంగురులు సర్దుకుని పోయింది. యమునాబాయికి నవ్వొచ్చింది. భర్తకు చెబుదామని తిరిగింది. నిద్ర చెడగొట్టడం ఎందుకని ఆగింది.

వచ్చే ఎండాకాలంలోగా బీడీలు బయట గడప మీదే చుట్టాలి. పొగాకు ఇంట్లోకి రానివ్వకూడదు. ఇలా ఏవేవో అనుకుంటూ ఆమె కూడా తల వెనక్కి ఆనించింది.

ఫోను మోగింది. అతని జేబులోనే. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"సేటు కావచ్చు. లే."

భుజం మీద చెయ్యి వేసింది. అతని తల మెల్లగా ఆమె వైపు ఒరిగింది. మొహం ప్రశాంతంగా ఉంది. ఆమె అతని ముక్కు దగ్గర వేలు పెట్టింది. జాలీలోంచి గాలి వస్తుంటే, వేలికి తగిలేది ఏ గాలో తెలియలేదు. జాలీకి అరచెయ్యి అడ్డం పెట్టి మళ్లీ చూసింది. వేలికి ఏ గాలీ తగల్లేదు.

ఆమె కేకకు గడపల మీది ఆడవాళ్లు చాటలు వదిలి పరుగెత్తుకొచ్చారు. ఎవరో అంబులెన్సుకు ఫోను చేశారు. ఎవరో షెడ్డు దగ్గరికి ఉరికారు. వినాయక్ సేటు ఎండలో రొప్పుతూ వచ్చేసరికి కొమురయ్యను స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తున్నారు. తెల్లకోటు మనిషి నాడి చూసి, తల అడ్డంగా ఊపి, అయినా ఆసుపత్రికి తీసుకుపోవాలన్నాడు.

"అక్కా..." అన్నాడు సేటు.

యమునాబాయి అతని ఎదుట నిలబడింది.

"పెట్రోల్ అమ్ముకోలె సేట్. ఏసీ ఏసుకుండు. ఊపిరి ఆడక."

సేటు కారు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "నాకు చెప్తే వద్దంటుంటినా అక్కా?"

ఆమె అతని మొహంలోకి కొంచెంసేపు చూసింది. అది నమ్మాలో లేదో ఆమెకు తెలియలేదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు. ద్రౌపది ఆమె రెక్క పట్టుకుని అంబులెన్సు ఎక్కించింది.

తలుపులు మూసేముందు ఆమె ఒకసారి బయటికి చూసింది. ట్యాంకు నీడలో కారు తలుపు బార్లా తెరిచే ఉంది, ఇంజను ఎవరూ ఆపలేదు. లోపల జాలీకి కట్టిన ఆకుపచ్చ అంచు గుడ్డ, ఇంకా తడి ఆరకుండా, మెల్లగా ఉబ్బుతూ, మెల్లగా వాలుతూ ఉంది.